కాటా మీద ఒక్కొక్కరుగా

పోయిన వారం వదినా మరదళ్ళను కొండ మొదట్లో, జంట సైకిల్ మీద వదిలేసి వచ్చాం. అది సాధనే. ఎంపిక పోటీ ఆదివారం, ఇంకా నాలుగు రోజులుంది. ఆ కొండెక్కి దిగి అందరికంటే ముందు చేరిన జంటకే పెద్ద పోటీలకు పిలుపు. వెనక సీటు బన్నుది. చిన్నప్పుడు జ్వరం వచ్చి కళ్ళు పోయిన పిల్ల. వాళ్ళది రొట్టెల దుకాణం. పసిదానిగా ఉన్నప్పుడు రొట్టెలు కాల్చే ఖాళీ రేకులో గుడ్డ పరిచి పడుకోబెడితే పొయ్యి వెచ్చదనానికి ముద్దగా నిద్రపోయేదని ఇంట్లో ఆ పేరు పెట్టారు. పెద్దయ్యాక కూడా ఆ పేరే అతుక్కుపోయింది.

ముందు సీటు వదినది. హ్యాండిలూ, బ్రేకులూ, దారీ ఆవిడ చేతిలో. ఆవిడ కంటే ముందు ఆ సీటు మీద ఒక స్నేహితురాలు ఉండేది. పొద్దున్నే దుకాణం ముందుకొచ్చి బెల్లు మూడుసార్లు కొట్టేది. మూడోది పూర్తిగా మోగనిచ్చేది కాదు, బొటనవేలితో మధ్యలోనే నొక్కేసేది. ఒక రోజు ఆ బెల్లు మోగలేదు. మర్నాడూ మోగలేదు. వేరే జట్టుకు వెళ్ళిపోయిందని తర్వాత ఎవరో చెప్పారు. ఆ రోజుల్లో మంచం దిగని బన్ను దగ్గరకు కొత్తగా కాపురానికొచ్చిన వదిన వచ్చి, "లే మరదలా. నాకు సైకిల్ సరిగా రాదు, నీకు కళ్ళు సరిగా లేవు. ఇంతకంటే మంచి జంట ఎక్కడ దొరుకుతుంది?" అంది. అలా మొదలైంది.

అదే వదిన ఈమధ్య పాడటం మానేసింది. ఎక్కడం మొదలుపెడితే చాలు కూనిరాగం తీసే మనిషి. అది ఎందుకు ఆగిందో బన్నుకు అంతుపట్టలేదు.

కొండ సగం వరకూ అంతా బాగానే జరిగింది. ఎండ ఇంకా ముదరలేదు. ఒక పక్క రాతి గోడ ఉన్నచోట చక్రాల చప్పుడు తిరిగి వచ్చి చెవికి తగిలేది, గోడ అయిపోగానే ఆ చప్పుడు పలచగా చెదిరిపోయేది. బన్నుకు అదే మైలురాయి. గోడ దాటగానే తిండి వేళ.

జంట సైకిల్ మీద ఎవరి పని వాళ్ళకుంది. ముందున్నవాళ్ళు హ్యాండిల్ వదలకూడదు. అందుకని తిండి పెట్టే పని వెనకవాళ్ళది. వదిన జెర్సీకి వెనక వైపు జేబులు. బన్ను వాటిలోంచే ఖర్జూరాలూ బన్ను ముక్కలూ తీసి, తను ఒకటి నోట్లో వేసుకుని, ఇంకోటి ముందుకు అందించేది. వదిన ఒక చెయ్యి నడుం పక్కగా వెనక్కి పెట్టి అందుకునేది. అమ్మ ఇది విని, "మా ఇంట్లో కళ్ళున్న కోడలికి కళ్ళు లేని పిల్ల గోరుముద్దలు పెడుతోంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

"వదినా, చెయ్యి."

చెయ్యి వెనక్కి వచ్చింది. బన్ను రెండు ఖర్జూరాలు పెట్టింది. ఆ వేళ్ళు ఇంత ఎండలోనూ చన్నీళ్ళలో నానినట్టున్నాయి.

"మ్‌మ్. తేనె అనుకో. ఎక్కడ కొంటున్నాడే మీ అన్న?"

"నీ మొగుణ్ణి నువ్వే అడుగు. నేనెందుకు మధ్యవర్తిని?"

"ఆయన పొయ్యి దగ్గర్నుంచి వచ్చి పడుకునే వేళకు నేను రొట్టెలు వేసుకుని బయల్దేరతాను. మేం మాట్లాడుకోవాలంటే మంచానికి చీటీ అంటించుకోవాలి."

బన్ను నవ్వింది. నవ్వుతూనే కాళ్ళ కింద ఏదో తేడా గమనించింది. ఈ సైకిల్‌కు పెడళ్ళు రెండు జతలైనా గొలుసు కట్టు ఒకటే. ముందు కాలు ఆగితే వెనక కాలు ఆగుతుంది. ముందు కాలు నీరసిస్తే ఆ నీరసం వెనక పాదానికి తెలుస్తుంది. కలిసి తిరగలి తిప్పేవాళ్ళలో ఒకరు చెయ్యి వదిలేసి ఊరికే ఆనించి ఉంచితే రెండోవాళ్ళకు తెలియదూ? అలాగే. పెడల్ పైనుంచి కిందికి దిగే చోట వదిన బలం ఉండాల్సిన జాగాలో ఖాళీ తగిలింది. ఇంకో చుట్టులో ఆ ఖాళీ ఇంకాస్త పెరిగింది.

"వదినా, గేరు మార్చావా?"

"ఆఁ."

గేరు మారితే టక్కున చప్పుడవుతుంది. ఆ చప్పుడు కాలేదు. బన్ను పళ్ళు బిగించి ఇద్దరి పనీ తనే చేయబోయింది. తొడలు మండాయి. కొండ మాత్రం ఎవరి మొహమాటాలూ చూడదు కదా. ఇంకో మలుపు దగ్గర హ్యాండిల్ పక్కకు ఊగింది, మళ్ళీ ఊగింది. సైకిల్ అలిసిపోయిన గేదెలా నెమ్మదిగా ఒరిగి, ఇద్దర్నీ గట్టు పక్క గడ్డిలో దింపేసింది.

బన్ను మోకాళ్ళ మీద పాకుతూ తడిమింది. ముందు చక్రం తగిలింది, ఇంకా తిరుగుతోంది. ఆ పక్కన వదిన బూటు. బూటు పట్టుకుని పైకి పోయింది.

"దెబ్బ తగిలిందా? మాట్లాడు వదినా!"

"ఉన్నానే. కాసేపు పడుకుందామనిపించింది, అంతే." గొంతు దూరం నుంచి వస్తున్నట్టుంది.

బన్ను ఆవిడను రెండు చేతులా లేవనెత్తి వాటేసుకుంది. అన్నేళ్ళూ తన ముందు గోడలా కూర్చున్న వీపు. ఎదురుగాలి వేసినప్పుడు ఆ వీపు చాటున తల దాచుకుని, "మా వదిన వెనకుంటే తుఫానొచ్చినా జుట్టు చెదరదు" అని వేళాకోళం చేసేది. ఇప్పుడు రెండు చేతులూ అటువైపు కలుసుకుని ఇంకా మిగిలాయి. వెన్నుపూసలు పూసల దండలా వేలికి తగిలాయి. ఎప్పుడు జరిగింది ఇది? రోజూ వెనకే కూర్చుంటున్నానే, అనుకుంది బన్ను. కూర్చున్నా వీపును ముట్టుకుంటున్నదెక్కడ? జేబుల వరకే తన చెయ్యి వెళ్ళేది.

అంతలో చాతీ దగ్గర ఏదో మెత్తగా ఉబ్బుగా తగిలింది. జెర్సీ మీద వదిన వేసుకున్న పొట్టి చలికోటు ముందు సంచి అది.

"ఇదేంటి?"

"పొట్ట."

"నీ పొట్టకు జిప్పు ఎప్పుడు పెట్టించుకున్నావు?"

వదిన ఆ జిప్పు మీద చెయ్యి అడ్డం పెట్టింది. పిండి పిసికే చేతులు బన్నువి. ఆ అడ్డం ఎంతసేపు నిలుస్తుంది? లోపల చెయ్యి పెట్టింది. ఇందాకటి ఖర్జూరాలు రెండూ అంటుకుని ఉన్నాయి. వాటి కింద ఇంకొన్ని. ఒక అరటిపండు ముక్క నలిగి జిగురైంది. అడుగున ఒక బన్ను. వేలితో నొక్కి చూసింది. పైపెంకు బిరుసెక్కింది, లోపల పొడి పొడి. రొట్టెల ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ మాత్రం తెలియకపోతే ఎలా?

"ఇది నిన్నటిది."

వదిన నీళ్ళు నమిలింది. "తర్వాత తిందామనీ..."

"ఇందాక తేనె అన్నావు."

"అన్నాను."

"నమిలావు. నేను విన్నాను."

"ఉత్తినే నమిలాను." వదిన చిన్నగా నవ్వబోయింది. "నీకు కనపడదుగా."

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే బన్ను ఊరుకునేది కాదు. వదినకు ఆ హక్కుంది. ఇంట్లో అందరూ బన్ను ముందు చూపు అన్న మాట ఎత్తడానికే జంకుతుంటే, "చీకట్లో బల్బు ఖర్చు లేని మనిషివి" అని నవ్వించింది ఈవిడే. కానీ ఇవాళ ఆ హాస్యం గొంతులో ముల్లులా దిగింది. తను పెడుతున్నాననుకున్న ముద్దలన్నీ ఒక సంచిలోకి పోయాయి. తను నవ్వుతూ పెట్టింది. ఆవిడ నవ్వుతూ దాచింది.

"రొట్టెలు కాల్చే ఇంట్లో పస్తా? ఎందుకు వదినా?"

"బరువు తగ్గితే కొండెక్కడం తేలికని."

"ఎవరన్నారు?"

 గడ్డిలో చీమలు మోచేతి మీదకు ఎక్కుతుంటే బన్ను దులుపుకుంది. ఒక ఖర్జూరం తీసి వదిన పెదాలకు ఆనించింది. చాలాసేపు ఆ పెదాలు తెరుచుకోలేదు. తర్వాత తెరుచుకున్నాయి. ఈసారి నమిలిన చప్పుడు వేరుగా ఉంది. దొంగ చప్పుడులో రుచి ఎక్కువ, నిజం చప్పుడులో ఆకలి ఎక్కువ. రెండో ఖర్జూరం తనే అడిగి తీసుకుంది వదిన. మూడోది అడక్కుండానే లాక్కుంది. మధ్యలో ముక్కు ఎగబీల్చింది.

"ఏడుస్తూ తింటే గొంతుకు అడ్డం పడుతుంది" అంది బన్ను.

"ఏడవట్లేదే. ఖర్జూరానికి ఉప్పెక్కువైంది."

సైకిల్ నడిపించుకుంటూ దిగారు. బన్ను ఒక చెయ్యి సీటు మీద, ఇంకో చెయ్యి వదిన మోచెయ్యి మీద వేసింది. అలవాటుగా దారి చూపించుకోవడానికే అయినా, ఆ రోజు ఎవరు ఎవర్ని నడిపించారో చెప్పడం కష్టం.

పిండి గోదాము పక్కనే బ్రేకుల తాత సైకిల్ షాపు. కుర్రతనంలో పెద్ద పందాలు తొక్కిన మనిషి. ఎవరొచ్చినా "ముందు ఆగడం నేర్చుకో, తర్వాత తొక్కడం" అంటాడని ఆ పేరొచ్చింది. వారానికోసారి ఆయన వీళ్ళిద్దర్నీ సైకిల్‌తో సహా గోదాములోని బస్తాల కాటా మీదకు ఎక్కించేవాడు. కాటాకు పొడుగాటి ఇనప కడ్డీ, దాని మీద వరసగా కోసిన గాళ్ళు, ఆ గాళ్ళ మీద జరిగే గుండు. ఆయన ఒక చోట ఎర్ర రంగు పూశాడు. గుండు అది దాటకూడదు. "విడివిడిగా ఎందుకు తూచవు తాతా?" అని ఒకసారి బన్ను అడిగితే, "కొండకు మీరు ఇద్దరు కారు, ఒక్క బస్తా" అన్నాడు. ఆ మాటకు అప్పుడు ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

తాత ఏదో చక్రానికి గాలి కొడుతున్నాడు. అడుగుల చప్పుడు విని పంపు ఆపాడు.

"అప్పుడే దిగారేం? కొండ సెలవా ఇవాళ?"

"తాతా, మమ్మల్ని తూచు."

"మొన్ననే తూచాగా. గీత మీదే నిలబడింది. ఇంతకాలంలో వెంట్రుక వాసి జరగలేదు. మీ అంత నికరమైన జంటను నేను చూళ్ళేదు."

"విడివిడిగా తూచు."

వదిన మోచెయ్యి బన్ను చేతిలో బిగుసుకుంది. "వద్దు తాతా. దానికేం పని లేదు" అంది. తాత పంపు కింద పెట్టాడు. తర్వాత గోదాము రేకు తలుపు కరకరమంటూ జరిగింది.

లోపల పిండి వాసన. ఇంటి వాసనే, కాకపోతే చల్లటిది, పొయ్యి తగలనిది. బన్ను ముందు ఎక్కింది. పలక కాళ్ళ కింద కొంచెం కుంగి సర్దుకుంది. గుండు జరగడం మొదలైంది. టిక్కు, టిక్కు, టిక్కు. తను అనుకున్న చోట ఆగుతుందని చూసింది. ఆగలేదు. ఇంకా పోతోంది. తన చెంపలు వేడెక్కడం బన్నుకు తెలిసింది.

"ఇంత పెరిగానా నేను?"

తాత గుండును మొదటికి జరిపాడు.

"ఇప్పుడు వదిన."

"నాకు కళ్ళు తిరుగుతున్నాయి, రేపు చూద్దాం."

"పట్టుకుంటాను. ఎక్కు."

ఎక్కింది. పలక కుంగిన చప్పుడే వినపడలేదు. గుండు టిక్కు టిక్కుమంటూ కొంచెం దూరం పోయింది. ఆగింది. వెనక్కి వచ్చింది. ఒక గాడి, ఇంకో గాడి. మళ్ళీ వెనక్కి. బన్ను ఆ చప్పుడు వింటూ నిలబడింది. ఆ గుండు వెనక్కి వచ్చినంత మేరా తను ముందుకు పోయిన మేరే. ఇద్దరినీ కలిపితే ఎర్ర గీత. అందుకే అది ఎప్పుడూ కదల్లేదు. ఒక పక్క నుంచి తీసి ఇంకో పక్క వేస్తుంటే త్రాసు కదులుతుందా?

"తాతా, ఎవరు చెప్పారు ఈవిడకు బరువు తగ్గమని?"

తాత బస్తా మీద కూలబడ్డ చప్పుడైంది. "నేనే అన్నానమ్మా. కానీ ఆవిణ్ణి తగ్గమని కాదు." గొంతు సర్దుకున్నాడు. "చలికాలంలో నీ బరువు పెరుగుతోందనిపించింది. మొహం మీద చెప్పలేక, ఇంటి మనిషి కదా, మెల్లగా చెబుతుందని మీ వదినతో అన్నాను. ఆ పిల్లను తిండి కాస్త తగ్గించమనమ్మా, లేకపోతే గీత దాటుతుంది అని. తర్వాత గీత దాటలేదు. చెప్పింది కాబోలు అనుకున్నాను."



"నాకు చెప్పలేదు" అంది బన్ను.

"ఎలా చెప్పమంటావే?" కాటా మీద నుంచే అంది వదిన.  "పొద్దున పొయ్యిలోంచి తీసిన రొట్టె విరుచుకుని తినేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నీకు తెలీదు. నువ్వు చూళ్ళేదు. నేను రోజూ చూస్తాను. నీ స్నేహితురాలు వెళ్ళిపోయిన రోజుల్లో నువ్వు ఏం తినేదానివి? మీ అమ్మ కంచం పట్టుకుని నీ మంచం చుట్టూ తిరిగేది. మళ్ళీ నీ అంతట నువ్వు ఆకలి అన్న రోజున ఆవిడ వంటింట్లోకి పోయి ఏడ్చింది. ఆ నోటికి తగ్గించమని నేను చెప్పాలా? తాతకు కావాల్సింది గీత. ఎవరి ఒంట్లోంచి తగ్గితే ఏం, గీత గీతేగా అనుకున్నాను."

బన్నుకు కోపం వచ్చింది, ప్రేమ వచ్చింది. రెండూ ఒకేసారి గుమ్మం దగ్గర తోసుకుంటే ఏదీ బయటకు రాలేదు. చివరికి వంగి తన పిక్క మీద చరుచుకుంది.

"తాతా, ఇలా రా. ఇది పట్టి చూడు. ఇది పొంగిన పిండా?"

తాత వచ్చి వేళ్ళతో నొక్కి చూశాడు. మళ్ళీ నొక్కాడు. "రాయిలా ఉంది" అన్నాడు నెమ్మదిగా. "కండ. కండకు బరువు ఉండదూ మరి! తొక్కించింది నేనే, పెరిగితే భయపడిందీ నేనే. పండిన చేను చూసి కలుపనుకున్న రైతుని." తర్వాత వదిన వైపు తిరిగాడు. "కానీ తల్లీ, నువ్వు చేసింది ఏంటో తెలుసా? పొయ్యిలోకి కట్టె లేనప్పుడు ఇంటి దూలాలు పీకి మంట పెట్టడం. మంట మండుతుంది. అన్నీ బాగానే ఉన్నట్టుంటుంది. ఒకరోజు కప్పు మీద పడుతుంది. చలేస్తోందా?"

"ఎప్పుడూ వేస్తోంది."

"నిద్ర?"

"పట్టదు."

తాత తర్వాతి ప్రశ్న అడగలేక దగ్గాడు. వదిన అడక్కుండానే బన్ను చెవి దగ్గరకు వంగింది. "నెలసరి ఆగిపోయింది. డాక్టరమ్మకు చూపించుకున్నాను, కడుపు కాదంది. ఒంట్లో మిగులు లేకపోతే ఒళ్ళు ముందు ఆ పనే మానేస్తుందట. తిను అంది. అత్తయ్యేమో వేరేగా అనుకుంటోంది. చెప్పడానికి నోరు రాలేదు."

రాత్రిళ్ళు అమ్మ గదిలోంచి వచ్చే ఊలు సూదుల చప్పుడు బన్నుకు గుర్తొచ్చింది. మొన్న తడిమితే చేతికి తగిలిన బుల్లి మేజోడు, బొటనవేలంత. దాన్ని తీసుకుని ఏం చేయాలి ఇప్పుడు? అమ్మకు ఎవరు చెప్పాలి?  ఏమీ అనకుండా వదినను కాటా మీద నుంచి దించి, బస్తా మీద కూర్చోబెట్టి, ఆ చన్నీటి వేళ్ళను తన చంకల్లో పెట్టుకుంది.

"ఈవిడ సైకిలెక్కడానికి వీల్లేదు" అన్నాడు తాత. "డాక్టరు సరేననే దాకా. ముందు తినాలి, పడుకోవాలి. కరిగింది పూడాలంటే కరిగినంత కాలం పడుతుంది."

"ఆదివారం?"

"ఆదివారం కాదు కదా, ఈ ఏడే..." తాత మాట మింగేశాడు.

"అయితే నేనూ వెళ్ళను" అంది బన్ను. "ముందు సీటు మీద ఈవిడ లేకపోతే నాకు కొండ అక్కర్లేదు. వచ్చే ఏడు చూసుకుందాం. ఇంటికెళ్ళి పిండి పిసుక్కుంటాను."

"వెళ్తావు."

వదిన ఆ మాట ఎంత నెమ్మదిగా అందంటే బన్నుకు భయమేసింది.

"ఎలా వెళ్తాను? ముందు ఎవరుంటారు? తాతా? ఆయన ప్రతి గుంటకూ బ్రేకేస్తాడు."

తాత నవ్వలేదు. వదినా నవ్వలేదు. బన్ను చంకలోంచి ఆ వేళ్ళు మెల్లగా బయటకు రావడానికి చూశాయి. బన్ను వదల్లేదు.

"నా కాళ్ళ సంగతి నాకు పోయిన వారమే తెలిసిందే. పొద్దున రొట్టెల ట్రే ఎత్తలేక కింద పెట్టేశాను. ఆదివారం నిన్ను మధ్యలో దింపేస్తానని అప్పుడే అర్థమైంది. అందుకని మనిషిని మాట్లాడాను, ఇవాళ ఇక్కడికి రమ్మన్నాను. నీతో తొక్కిన మనిషి, నీ కాలు ఎరిగిన మనిషి. నాలుగు రోజుల్లో ఇంకెవరూ నేర్చుకోలేరు." వదిన ఆగింది. "నన్ను తిట్టు. కానీ తలుపు వేసెయ్యకు."

"ఎవరిని?"

అడిగిందే కానీ బన్నుకు జవాబు అక్కర్లేకపోయింది. రేకు తలుపు అవతల, ఎండలో, సైకిల్ బెల్లు మోగింది. ఒకసారి. ఇంకోసారి. మూడోది మధ్యలోనే బొటనవేలి కింద ఆగిపోయింది.

బన్ను కదల్లేదు. తాత తలుపు వైపు రెండడుగులు వేశాడు. "వెళ్ళవే" అని వదిన గుసగుసగా అంది. "పాపం, ఎండలో నిలబడింది."

బన్ను తన జేబు తడిమింది. వదిన సంచిలోంచి తీసి పెట్టుకున్న చివరి ఖర్జూరం ఉంది. దాన్ని వదిన నోట్లో పెట్టింది. రెండు వేళ్ళు ఆవిడ గొంతు మీద ఆనించి ఉంచింది.

"ముందు ఇది మింగు. మింగినట్టు నా వేలికి తెలియాలి. తలుపు సంగతి తర్వాత."

వదిన నమలడం మొదలుపెట్టింది. బయట బెల్లు మళ్ళీ మోగింది, రెండున్నర సార్లు, ఈసారి కొంచెం దగ్గరగా.